నెట్‌వర్కు కార్డునకు దుబాసీ

ఇంటి కంప్యూటరునకు క్రొత్తగా విండోస్ ఎక్కించిన దినమున తరచుగా ఒక వింత జరుగుచుండును. తెర వెలుగును, కీబోర్డు పనిచేయును, స్పీకరు నుండి ధ్వని వచ్చును. ఇంటర్నెట్టు మాత్రము రాదు. నిన్నటివరకు ఇదే యంత్రము, ఇదే తీగ, ఇదే రౌటరు చక్కగా పనిచేసినవి. నేడు తెర మూలనున్న చిన్న భూగోళపు గుర్తు, సంబంధము లేదని చెప్పుచున్నది. నెట్‌వర్కు కార్డు కాలిపోయినదని ఇంటివారు నిశ్చయించుకొందురు. క్రొత్త కార్డు కొనుటయే మేలని ఇరుగుపొరుగువారు సలహా చెప్పుదురు.

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10నకు మైక్రోసాఫ్టు సంస్థ ఇచ్చుచుండిన సాధారణమైన ఆధారము ముగిసినది. అందుచేత పాత యంత్రములకు విండోస్ 11నో, లినక్సునో ఎక్కించుకొనవలసిన అవసరము అనేక గృహములకు కలిగినది. పైన చెప్పిన చిక్కు ఎక్కువగా ఎదురగునది ఇట్టి మార్పు చేసినప్పుడే. పరీక్ష దరఖాస్తునకు నేడే కడపటి దినమైన విద్యార్థికిని, నవంబరు నెలలో జీవన ప్రమాణపత్రము పంపవలసిన పింఛనుదారునకును, ఇంటినుండియే కొలువు చేయు ఉద్యోగికిని ఇది చిన్న విషయము కాదు. తొందరపాటులో వారు చేయు పొరపాట్లు రెండు. చెడని కార్డును పారవేసి క్రొత్తది కొనుట మొదటిది. ఎక్కడనో దొరికిన ప్రోగ్రామును తెచ్చి యంత్రమున ఎక్కించుట రెండవది. మొదటిదానివలన కొంత ధనము మాత్రమే పోవును. రెండవదానివలన బ్యాంకులోని ధనము కూడ పోవచ్చును. ఈ రెండింటిని తప్పించుకొనుటకు ఒక వరుస కలదు. ఆ వరుసను ఇచ్చట వివరింపదలచితిమి.

మొదట డ్రైవరు అన నేమో తెలిసికొందము. ఆ మాట వినగానే మనకు బస్సు నడుపువాడు స్ఫురించును. కంప్యూటరు విషయమున దాని అర్థము వేరు. ఈస్టిండియా కంపెనీ నాళ్ళలో చెన్నపట్టణమున దొరలకును దేశీయులైన వర్తకులకును నడుమ దుబాసీలు ఉండెడివారు. దుబాసీ యనగా రెండు భాషలు తెలిసినవాడు. దొరకు తెలుగు రాదు. బట్టలు తెచ్చిన వర్తకునకు ఇంగ్లీషు రాదు. దుబాసీ రానిచో ఇరువురును ఎదురెదురుగా కూర్చుండియు బేరము సాగదు. కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టము దొర వంటిది. నెట్‌వర్కు కార్డు వర్తకుని వంటిది. ఈ సమాచారమును పంపుమని దొర ఆజ్ఞాపించును. ఆ ఆజ్ఞను కార్డులోని చిప్పునకు తెలిసిన సంజ్ఞలలోనికి మార్చి చెప్పు చిన్న ప్రోగ్రామే డ్రైవరు. కార్డు ఇచ్చు బదులును దొరకు తెలియజెప్పునదియు అదియే.

ఒక్కొక్క జాతి చిప్పునకు ఒక్కొక్క భాష. విండోస్ తనతోపాటు అనేక దుబాసీలను వెంటబెట్టుకొని వచ్చును గాని, లోకమునందలి చిప్పులన్నిటికిని దుబాసీలను తేజాలదు. చిప్పు క్రొత్తదై, విండోస్ ప్రతి దానికంటె పాతదైనచో, ఆ చిప్పు పేరే దానికి తెలియదు. కావున, క్రొత్తగా విండోస్ ఎక్కించినంతనే నెట్‌వర్కు పోయినదనగా చాలసార్లు వర్తకుడు చనిపోయినాడని అర్థము కాదు. దుబాసీ రాలేదని మాత్రమే అర్థము.

పూర్వము ఈ పని ఇంకను కష్టముగా ఉండెడిది. 1973లో అమెరికాలోని జెరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనువారు ఈథర్నెట్టు పద్ధతికి రూపకల్పన చేసిరి. పిమ్మట అది వ్యక్తిగత కంప్యూటర్లలోనికి కార్డుల రూపమున వచ్చినది. నావెల్ సంస్థ ప్రచారములోనికి తెచ్చిన ఎన్.ఇ. 2000 వంటి కార్డులను అమర్చునప్పుడు, కార్డు ఏ చిరునామాలో ఉండవలెనో, యంత్రమును ఏ సంఖ్యతో పిలువవలెనో యజమానియే నిర్ణయింపవలసి యుండెను. కార్డు మీది చిన్న లోహపు మూతలను ఇటునటు మార్చి ఆ సంఖ్యలను కుదిర్చెడివారు. పిలుపు సంఖ్య 3 అని పెట్టినచో, అదే సంఖ్యను వాడుకొను రెండవ సీరియల్ ద్వారముతో కలహము వచ్చెడిది. 1995లో వెలువడిన విండోస్ 95తో, యంత్రమే కార్డును పలుకరించి, దాని పేరు కనుగొని, దానికి చోటు చూపు పద్ధతి ఇంటింటికి వచ్చినది.

ఈ పద్ధతి వలన మనకు ఒక గొప్ప ఉపకారము జరిగినది. ప్రతి కార్డును తన పేరును సంఖ్యల రూపమున తనలోనే దాచుకొని యుండును. దుబాసీ లేకపోయినను ఆ సంఖ్యను మాత్రము యంత్రమునకు చెప్పగలదు. వర్తకుడు భాష రాకపోయినను తన పేరు వ్రాసిన చీటీని చూపినట్లు ఇది జరుగును. ఈ చీటీని చదువుట నేర్చుకొన్నచో సగము చిక్కు విడిపోవును. ఐతే దానికి ముందు వెలుపలి విషయములు కొన్ని చూచుకొనవలెను.

ఇంటి యంత్రములలో నెట్‌వర్కు కార్డు పలు రూపములలో ఉండును. కొన్నింట అది మదర్‌బోర్డు గాడిలో గ్రుచ్చిన వేరు పలక. ఎక్కువ యంత్రములలో మదర్‌బోర్డు మీదనే అతికిన చిప్పు. ల్యాప్‌టాప్‌లలో వైఫై కొరకు లోపల అమర్చిన చిన్న బిళ్ళ. మరికొందరు యు.ఎస్.బి. ద్వారమున గ్రుచ్చు పుల్లను వాడుదురు. రూపమేదైనను పరీక్షించు వరుస ఒక్కటియే.

తీగతో వచ్చు నెట్‌వర్కు అయినచో, ముందుగా తీగ రెండు కొసలను ఊడదీసి మరల టక్కుమను వరకు గ్రుచ్చవలెను. కంప్యూటరు వెనుక తీగ దూరిన చోట చిన్న దీపములున్నచో వానిని గమనింపవలెను. దీపము వెలిగినచో, తీగయు రౌటరును కార్డు వరకు విద్యుత్సంబంధము కలిగియున్నవని తెలియును. వెలుగనిచో తీగను మార్చి, రౌటరులో వేరొక ద్వారమున గ్రుచ్చి చూడవలెను. కొన్ని యంత్రములకు దీపములే యుండవు. కావున దీపము లేకపోవుటనుబట్టి కార్డు చెడినదని తీర్పు చెప్పరాదు. ల్యాప్‌టాప్ అయినచో విమానపు గుర్తుగల మీట నొక్కబడి యున్నదేమో చూడవలెను. ఆ ఒక్క మీట వలన వైఫై అంతయు నిలిచిపోవును.

ఇక రెండవ విషయము. విండోస్ 8 వెలువడిన 2012 మొదలు, యంత్రమును ఆపివేసినను అది పూర్తిగా ఆగకపోవచ్చును. త్వరగా లేచుటకై విండోస్ తన అంతరంగమును డిస్కులో భద్రపరచి, మరునాడు దానినే తిరిగి లేపును. నిన్నటి తప్పు నేటికిని నిలిచియుండుటకు ఇదియొక కారణము. కావున షట్‌డౌన్ చేసి మరల వెలిగించుటకంటె రీస్టార్టు చేయుట మేలు. అప్పటికిని కార్డు పలుకనిచో, యంత్రమును ఆపి, గోడనుండి తీగను పెరికి, ల్యాప్‌టాప్ అయి బ్యాటరీ ఊడునదైనచో దానిని కూడ తీసి, వెలిగించు మీటను అరనిమిషము నొక్కిపట్టవలెను. లోపల మిగిలిన విద్యుత్తు ఖర్చయి, మొరాయించిన కార్డు ఒక్కొక్కప్పుడు ఈ మాత్రముననే దారికి వచ్చును.

ఇక చీటీని చదువుదము. తెర క్రిందనున్న స్టార్టు గుర్తు మీద మౌసు కుడి మీటను నొక్కినచో ఒక పట్టిక తెరచుకొనును. అందు డివైస్ మేనేజరు అను పేరు కలదు. దానిని తెరచినచో యంత్రమునందలి అంగములన్నియు వరుసగా కనబడును. వానిలో నెట్‌వర్కు అడాప్టర్లు అను శీర్షిక క్రింద మన కార్డు ఉండవలెను. ఇచ్చట అయిదు దృశ్యములలో ఏదో ఒకటి మనకు కనబడును. ఏ దృశ్యమునకు ఏ అర్థమో తెలిసినచో దారి తెలిసినట్లే.

మొదటి దృశ్యము: కార్డు పేరు ఉన్నది, దానిమీద ఎట్టి గుర్తును లేదు. అనగా దుబాసీ వచ్చి కూర్చుండినాడు, పని చేయుచున్నాడు. తప్పు వేరొకచోట ఉన్నది. ఇట్టి సమయమున డ్రైవరును పదిమార్లు ఎక్కించినను ఫలము లేదు. దీని సంగతి తరువాత చెప్పెదము.

రెండవ దృశ్యము: నెట్‌వర్కు శీర్షిక క్రింద కార్డు లేదు, కాని ఇతర పరికరములు అను శీర్షిక క్రింద ఈథర్నెట్ కంట్రోలరు అనియో, నెట్‌వర్కు కంట్రోలరు అనియో పసుపుపచ్చని త్రికోణముతో కూడిన పేరు కనబడుచున్నది. దానిమీద రెండుమార్లు నొక్కినచో 28వ సంఖ్యగల సందేశము వచ్చును. డ్రైవరు ఎక్కింపబడలేదని దాని భావము. భయపడవలసిన పని లేదు. కార్డు బ్రతికియున్నది, యంత్రము దానిని చూచినది, దుబాసీయే రావలసియున్నాడు.

మూడవ దృశ్యము: కార్డు పేరు సరిగానే యున్నది, కాని దానిపై పసుపు త్రికోణము కలదు. సందేశమున 10వ సంఖ్య ఉన్నచో, పరికరము పని ప్రారంభింపలేకపోయినదని అర్థము. అందుకు సరిపడని డ్రైవరు ఒక కారణము కావచ్చును. 43వ సంఖ్య ఉన్నచో, పరికరమే తనలో తప్పున్నదని తెలిపినందున విండోస్ దానిని నిలిపివేసినదని అర్థము. 52వ సంఖ్య ఉన్నచో, డ్రైవరు మీద ఉండవలసిన అధికార ముద్ర సరిపడలేదని అర్థము.

నాలుగవ దృశ్యము: పేరు మీద క్రిందికి చూచు చిన్న బాణము. దాని సంఖ్య 22. ఎవరో కార్డును నిలిపివేసినారు. పేరు మీద కుడి మీటను నొక్కి, మరల పనిచేయించు ఆజ్ఞను ఎంచుకొన్నచో చాలును.

అయిదవ దృశ్యము: కార్డు ఎచ్చటను లేదు, ఇతర పరికరముల క్రిందను లేదు. ఇది తక్కిన నాలుగింటికంటె గట్టి చిక్కు. కార్డు మదర్‌బోర్డు మీదనే యున్నదైనచో, యంత్రము లేచునప్పుడు తెరచు బయోస్ పట్టికలో దానిని ఎవరైన ఆపివేసిరేమో చూడవలెను. వేరు పలక యైనచో యంత్రమును ఆపి, గోడ తీగ తీసి, పలకను వేరొక గాడిలో గ్రుచ్చవలెను. యు.ఎస్.బి. పుల్ల యైనచో ద్వారమును మార్చవలెను. ఇట్టి పుల్లలలో కొన్ని మొదట సీడీ డ్రైవు వలె కనబడును. వాని డ్రైవరు వాని కడుపులోనే ఉండును. ఆ సీడీని తెరచి లోని డ్రైవరును ఎక్కించిన పిమ్మటనే అవి తమ నిజరూపమును చూపును.

రెండవ, మూడవ దృశ్యములలో మనకు కావలసినది సరియైన డ్రైవరు. సరియైనది ఏదో కార్డే చెప్పును. పరికరము పేరు మీద రెండుమార్లు నొక్కి, వివరములు అను పుటను తెరచి, అచ్చటి పట్టికలో హార్డ్‌వేర్ ఐడీలు అనుదానిని ఎంచుకొనవలెను. ఆంగ్లాక్షరములతోను అంకెలతోను కూడిన పొడవైన వరుసలు కొన్ని వచ్చును. అన్నిటికంటె పైనున్న వరుసను చూడుడు. వెన్ అను మూడక్షరముల తరువాత నాలుగు గుర్తులును, డెవ్ అను మూడక్షరముల తరువాత మరి నాలుగు గుర్తులును ఉండును. మొదటి నాలుగు చిప్పును చేసిన సంస్థను చెప్పును; తరువాతి నాలుగు ఆ సంస్థ చేసిన చిప్పులలో ఇది ఏదో చెప్పును. ఇంటిపేరు, సొంతపేరు అన్నమాట. యు.ఎస్.బి. పుల్లలకు వెన్, డెవ్ అనువానికి బదులు విడ్, పిడ్ అని యుండును.

ఈ ఇంటిపేర్లలో కొన్ని తెలిసియుండుట మంచిది. 8086 అన్నచో ఇంటెల్. ఆ సంస్థ 1978లో వెలువరించిన ప్రఖ్యాతమైన ప్రాసెసరు పేరును ఇదియే. 10ఇసి అన్నచో రియల్‌టెక్. 14ఇ4 అన్నచో బ్రాడ్‌కామ్. 168సి అన్నచో అథెరాస్. 14సి3 అన్నచో మీడియాటెక్. ఉదాహరణకు వెన్ 10ఇసి, డెవ్ 8168 అని ఉన్నచో, అది రియల్‌టెక్ వారి గిగాబిట్ ఈథర్నెట్టు చిప్పు. ఇంటి కంప్యూటర్ల మదర్‌బోర్డుల మీద దీనిని విస్తారముగా చూడవచ్చును. అదే ఇంటిపేరుతో 8125 అన్నచో రెండున్నర గిగాబిట్ల వేగము గల తరువాతి చిప్పు. దీనికి పాత విండోస్ 10 ప్రతులలో దుబాసీ లేడు.

పెట్టె మీది పేరును మాత్రమే నమ్మరాదు. ఒకే పేరుతో అమ్మబడు వైఫై పుల్లలలో మొదటి కూర్పున ఒక సంస్థ చిప్పును, రెండవ కూర్పున వేరొక సంస్థ చిప్పును ఉండుట కద్దు. పెట్టె పైన రంగు మారదు, బొమ్మ మారదు. లోపలి భాష మాత్రము మారును. పెట్టె మీది పేరు చూచి తెచ్చిన డ్రైవరు పనికిరాక, కార్డు మోసమని తలచుటకు ఇదియొక కారణము. పేరు పెట్టెదే కావచ్చును; సంఖ్య చిప్పుది.

సంఖ్య తెలిసినది. డ్రైవరును ఎచ్చటనుండి తెచ్చుకొనవలెను? ఇంటర్నెట్టు నుండి. ఇంటర్నెట్టు రావలెనన్నచో? డ్రైవరు కావలెను. పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు, పెండ్లి అయినగాని పిచ్చి కుదరదు అను సామెత దీనికి చక్కగా అతుకును. విండోస్ 11 హోమ్ కూర్పు ఎక్కించునప్పుడు ఈ ముడి ఇంకను బిగియును. ఇంటర్నెట్టు లేనిదే ఆ కూర్పు సాధారణముగా ముందునకు సాగనీయదు.

ఈ ముడిని విప్పు సాధనము నేడు దాదాపు ప్రతి ఇంటను కలదు. అది చేతిలోని ఫోను. ఆండ్రాయిడు ఫోనును యు.ఎస్.బి. తీగతో కంప్యూటరునకు తగిలించి, ఫోను సెట్టింగులలో యు.ఎస్.బి. టెథరింగు అనుదానిని వెలిగించినచో, ఫోనే తాత్కాలికముగా నెట్‌వర్కు కార్డుగా మారును. దీనికి కావలసిన దుబాసీ విండోస్ వద్ద సాధారణముగా సిద్ధముగానే యుండును. తీగ మాత్రము సమాచారమును మోయగల తీగ కావలెను. బ్యాటరీ నింపుటకు మాత్రమే పనికివచ్చు చౌక తీగలతో ఈ పని జరుగదు. ఇట్లు నెట్టు వచ్చిన పిమ్మట విండోస్ అప్‌డేటును నడిపించినచో, అదియే సరియైన డ్రైవరును వెదకి తెచ్చుకొనుటయు కలదు. అట్లు జరుగనిచో, ఫోనులోనే డ్రైవరును దించుకొని తీగద్వారా కంప్యూటరులోనికి పంపవచ్చును. లేదా వేరొకరి కంప్యూటరులో దించి, పెన్‌డ్రైవు మీద తెచ్చుకొనవచ్చును.

ఎవరి వద్దనుండి దించుకొనవలెననుటలో ఒక క్రమము పాటింపవలెను. ల్యాప్‌టాప్ అయినచో దానిని చేసిన సంస్థ వెబ్‌సైటునకు పోయి, యంత్రము అడుగున వ్రాసియున్న నమూనా సంఖ్యతో వెదకుట అన్నిటికంటె క్షేమము. చేర్చి కట్టిన డెస్క్‌టాప్ అయినచో మదర్‌బోర్డు సంస్థను ఆశ్రయింపవలెను. అచ్చట దొరకనిచో చిప్పును చేసిన సంస్థను. ఈ మూటిని దాటి నాలుగవ గడప తొక్కవద్దని మా మనవి.

దించునప్పుడు మూడు విషయములు సరిచూడవలెను. విండోస్ ఎన్నవది? అది 32 బిట్లదా, 64 బిట్లదా? డ్రైవరు మన చిప్పు సంఖ్యకు చెందినదేనా? 64 బిట్ల విండోస్‌లో 32 బిట్ల డ్రైవరు పనిచేయదు. దించిన మూట జిప్ రూపమున ఉన్నచో ముందుగా దానిని విప్పి ఒక సంచికలో ఉంచవలెను. మూటలోనుండియే ఎక్కింపబోయి విఫలులగువారు అనేకులు. లోపల సెటప్ అను ప్రోగ్రాము ఉన్నచో దానిని నడిపించిన చాలును. లేనిచో డివైస్ మేనేజరులో పరికరము పేరు మీద కుడి మీటను నొక్కి, డ్రైవరును నవీకరించు ఆజ్ఞను ఎంచి, నా కంప్యూటరులోనే వెదకుమని చెప్పి, ఆ సంచికను చూపవలెను. అందు ఐ.ఎన్.ఎఫ్. అను తోకగల దస్త్రము ఒకటి ఉండును. అది దుబాసీ పరిచయపత్రము. ఏయే చిప్పు సంఖ్యలకు తాను పనికివచ్చునో అందు వ్రాసియుండును. మన సంఖ్య అందు లేనిచో, పరికరమునకు తగిన డ్రైవరు దొరకలేదని విండోస్ చెప్పును.

ఇక అపాయముల మాట. డ్రైవరు అనునది సాధారణమైన ప్రోగ్రాము కాదు. ఆటయో, పాటయో వినిపించు ప్రోగ్రాము ఇంటి వసారాలో కూర్చుండును. డ్రైవరు నేరుగా పడకగదిలోనికి పోవును. నెట్‌వర్కు డ్రైవరు యంత్రపు అంతరంగమున చేరి, లోనికి వచ్చు, బయటికి పోవు సమాచారమునంతయు తన చేతులమీదుగా నడిపించును. అట్టి స్థానమున దుర్మార్గుడు కూర్చుండినచో ఏ రహస్యపదమును దాగదు. ఈ కారణముననే 64 బిట్ల విండోస్ ముద్ర లేని డ్రైవరును అంతరంగములోనికి రానీయదు. 2016లో వచ్చిన విండోస్ 10 నవీకరణ మొదలు, క్రొత్త డ్రైవర్లకు సాధారణముగా మైక్రోసాఫ్టు సంస్థయే స్వయముగా వేసిన ముద్ర కావలెను. ముద్ర పరీక్షను ఆపివేయుడని సలహా చెప్పువారు కలరు. అది తలుపు తాళము పట్టనందున తలుపునే పెరికివేయుట వంటిది.

మీ యంత్రమున పాత డ్రైవర్లు ఇన్ని యున్నవి, ఒక్క నొక్కుతో అన్నియు బాగుచేసెదమని ప్రకటించు ప్రోగ్రాములను దరిజేరనీయరాదు. వానిలో కొన్ని అక్కరలేని సరుకును వెంటబెట్టుకొని వచ్చును; కొన్ని రుసుము అడుగును; మరికొన్ని సరిగా పనిచేయుచున్న డ్రైవర్లను కూడ మార్చి కొత్త చిక్కులు తెచ్చును. డ్రైవరు కొరకు వెదకినప్పుడు అన్నిటికంటె పైన వచ్చు ఫలితము ప్రకటన కావచ్చును. సంస్థ పేరును పోలిన పేరుతో వేరొకరు తెరచిన అంగడి కావచ్చును. చిరునామాను అక్షరము అక్షరముగా చదివిన పిమ్మటనే నొక్కవలెను. ఒక్క కార్డు కొరకు ఒక్క డ్రైవరు చాలును. అంతకు మించి ఎవరేమి ఇవ్వజూపినను తీసికొనరాదు.

డ్రైవరు ఎక్కినది, త్రికోణము మాయమైనది, ఐనను నెట్టు రాలేదనుకొందము. మనము మొదటి దృశ్యమునకు వచ్చితిమి. ఇప్పుడు కార్డునకు లభించిన ఐ.పి. చిరునామాను చూడవలెను. సెట్టింగులలో నెట్‌వర్కు పుటయందు అది కనబడును. చిరునామా 169.254తో మొదలైనచో ఒక ముఖ్యమైన సంగతి తెలిసినట్లే. రౌటరు నుండి చిరునామా రానందున యంత్రము తనకు తానే ఆ చిరునామాను పెట్టుకొన్నది. అనగా దుబాసీ సాధారణముగా పనిలోనే యున్నాడు. తీగయందో, రౌటరునందో, వైఫై రహస్యపదమునందో దోషము వెదకవలెను. రౌటరును ఒకమారు ఆపి వెలిగించుట ఇచ్చట చేయదగిన మొదటి పని.

చిరునామా సరిగా వచ్చినచో పింగ్ అను ఆజ్ఞతో పరీక్షింపవచ్చును. 1983 డిసెంబరులో మైక్ మూస్ అను అమెరికా దేశస్థుడు వ్రాసిన ఈ చిన్న ప్రోగ్రాము నేటికిని ఉపకరించుచున్నది. 127.0.0.1 అను చిరునామాను పిలిచినచో యంత్రము తన్ను తానే పిలుచుకొనును. దానికి బదులు వచ్చినంతమాత్రమున కార్డు బాగున్నదని చెప్పరాదు, ఆ పిలుపు కార్డు గడప దాటదు. రౌటరు చిరునామాను పిలిచి బదులు పొందినప్పుడే కార్డు, డ్రైవరు, తీగ మూడును బాగున్నవని తెలియును. ఆ చిరునామా తరచుగా 192.168.1.1 గాని, 192.168.0.1 గాని అగును. రౌటరు పలికి లోకము పలుకనిచో, దోషము ఇల్లు దాటిపోయినది. ఇంటర్నెట్టు ఇచ్చు సంస్థతో మాటలాడవలెను.

నవీకరణ జరిగిన మరునాడే నెట్టు పోయినచో, క్రొత్త డ్రైవరు పాతదానికంటె మేలు కాదని భావింపవచ్చును. పరికరపు పుటలో డ్రైవరు అను శీర్షిక క్రింద వెనుకటి డ్రైవరునకు మరలు మీట కలదు. క్రొత్తది యెల్ల మంచిది కాదు. నెట్‌వర్కు రీసెట్ అను ఆజ్ఞ కూడ కలదు గాని, అది దాచియుంచిన వైఫై రహస్యపదములను తుడిచివేయును. వానిని కాగితముపై వ్రాసికొనకుండ దాని జోలికి పోరాదు.

లినక్సు వాడువారికి ఒక మాట. లినక్సులో దుబాసీలు చాలవరకు ఆపరేటింగ్ సిస్టము గర్భముననే యుందురు. వేరుగా తేవలసిన అవసరము తక్కువ. ఐనను కొన్ని వైఫై చిప్పులకు డ్రైవరుతోపాటు, చిప్పులోనికి ఎక్కింపవలసిన ఫర్మ్‌వేర్ అను మరియొక దస్త్రము కావలెను. దాని హక్కులు సంస్థల చేతిలో ఉన్నందున కొన్ని లినక్సు కూర్పులు దానిని తమతో చేర్చెడివి కావు. డెబియన్ వారు 2023లో విడుదల చేసిన 12వ కూర్పు నుండి దానిని ఎక్కించు ప్రతిలోనే చేర్చినారు. అంతకు ముందటి ప్రతితో వైఫై రానివారు క్రొత్త ప్రతిని ప్రయత్నింపవచ్చును.

ఈ పని అంతటికిని ప్రాణము వంటి నియమము ఒకటి కలదు. ఒకమారు ఒక మార్పు మాత్రమే చేయవలెను. చేసిన మార్పును కాగితము మీద వ్రాయవలెను. ఫలితము చూచిన పిమ్మటనే రెండవ మార్పునకు పోవలెను. తీగను మార్చి, డ్రైవరును మార్చి, రౌటరును కదిపి, అన్నియు ఒక్కసారి చేసినచో, నెట్టు వచ్చినను ఎందువలన వచ్చినదో తెలియదు. మరల పోయినప్పుడు మొదటికే వచ్చెదము. వైద్యుడు ఒకే దినమున నాలుగు మందులు మార్చినచో ఏ మందు పనిచేసినదో రోగికిని తెలియదు, వైద్యునికిని తెలియదు.

కార్డు నిజముగా చెడిపోవుట లేదని మా అభిప్రాయము కాదు. పిడుగుపాటు వలన, తేమ వలన, వయస్సు వలన కార్డులు చెడును. ఐతే ఆ తీర్పు చెప్పుటకు సాక్ష్యము కావలెను. బయోసులో ఆపివేయలేదు, గాడి మార్చినను కనబడలేదు, వేరొక కంప్యూటరులో గ్రుచ్చినను ఇతర పరికరముల క్రిందనైనను కనబడలేదు. ఇవి మూడును నిజమైనప్పుడు క్రొత్తది కొనవచ్చును. మదర్‌బోర్డు మీది చిప్పు చెడినను బోర్డును మార్చనక్కరలేదు, ఒక యు.ఎస్.బి. పుల్లతోనో, వేరు పలకతోనో పని గడచును.

కడపటి మాట, ఇంకను చిక్కు రానివారి కొరకు. మీ నెట్టు బాగుగా నడచుచున్న ఈ దినముననే, మీ యంత్రపు నమూనా సంఖ్యను, కార్డు ఇంటిపేరు, సొంతపేరు సంఖ్యలను ఇంటి లెక్కల పుస్తకమున ఒక మూల వ్రాసికొనుడు. ఆ కార్డు డ్రైవరును సంస్థ వెబ్‌సైటు నుండి దించి ఒక పెన్‌డ్రైవు మీద ఉంచి, యంత్రపు రసీదుతోపాటు భద్రపరచుడు. పావుగంట పని. విండోస్ మరల ఎక్కింపవలసిన దినమున దుబాసీ కొరకు ఊరంతయు వెదకనక్కరలేదు. బీరువా తెరచిన చాలును.